మంచు దేశంలో మొదటి చలికాలం: గ్యారేజీలో ఉన్న కారుకూ తుప్పు పడుతుంది

మంచు కురిసే ఊరికి కొత్తగా వచ్చి, ఇంటితోపాటు గ్యారేజీ కూడా దొరికితే కారు గురించి ఇక చింత లేదనిపిస్తుంది. నేనూ మొదటి చలికాలమంతా అలాగే అనుకున్నాను. రోజూ సాయంత్రం చక్రాల మధ్య మంచు పేరుకున్న కారును తెచ్చి, వెచ్చటి గ్యారేజీలో పెట్టి తలుపు మూసేవాణ్ణి. చలి తగ్గాక టైర్లు మార్చడానికి కారు ఎత్తి చూస్తే, అడుగున ఇనుము పొరలు పొరలుగా లేచి ఉంది. గోటితో గీరితే రాలింది.

కారణం ఉప్పు. మంచు కరగాలని రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మామూలు ఉప్పు చలి మరీ ముదిరితే పనిచేయదు కాబట్టి చాలాచోట్ల కాల్షియం క్లోరైడ్ కూడా వాడతారు. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. అందుకే కారు అడుగున అంటుకున్న బురద పైకి ఎండినట్టున్నా లోపల చెమ్మగానే ఉంటుంది. గడ్డకట్టే చలిలో తుప్పు చాలా నెమ్మదిగా సాగుతుంది. అదే కారును వెచ్చటి చోట పెడితే మంచు కరిగి, ఉప్పునీళ్ళు ప్రతి సందులోకీ దిగి, తుప్పు వేగం పుంజుకుంటుంది. కాబట్టి నా మాట ఇది: కడగడానికి వీలుకాని రోజు కారును వెచ్చటి గ్యారేజీలో పెట్టేకన్నా బయట చలిలో వదిలేయడమే మేలు.

ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల పైకి వచ్చి చలి కాస్త తగ్గిన రోజు చూసుకుని కడగండి. పైన మెరిసేలా తుడవడం కాదు ముఖ్యం. అడుగు భాగం, చక్రాల పైనుండే గుంతల లోపలి అంచులు, తలుపుల కింది అంచులు నీళ్ళ ధారతో బాగా కడగాలి. తలుపుల అడుగున నీరు పోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఆకులూ మట్టీ చేరి అవి మూసుకుపోతే నీరు లోపలే నిలిచి, తుప్పు తలుపును లోపలి నుంచి తినేస్తుంది. కాళ్ళ కింద వేసే మ్యాట్లు కూడా ఎత్తి చూడండి, బూట్లతో వచ్చిన ఉప్పునీళ్ళు వాటి కిందే చేరతాయి.

ఇక గ్యారేజీ సంగతి. తేమ ఎంతుందో చూపించే చిన్న మీటరు ఒకటి కొని గోడకు తగిలించండి. 50 శాతం లోపుంటే నిశ్చింత. 60 దాటితే ఇనుముకు గడ్డుకాలమే. తేమ తీసే యంత్రం కొనేముందు అది చలిలో పనిచేసే రకమో కాదో అడగండి, కంప్రెసర్‌తో నడిచేవి గది బాగా చల్లగా ఉంటే తేమను సరిగ్గా లాగలేవు. పొగ గొట్టం లేని కిరోసిన్ హీటరు మాత్రం వద్దు. లీటరు కిరోసిన్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరై గదిలోనే మిగులుతుంది. పైగా మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. తలుపులు మూసి కారు ఇంజిన్ ఆన్ చేయడం కూడా అంతే ప్రమాదం.

చలికాలం పోతూ ఒక్కసారిగా వెచ్చటి తేమగాలి వీచే రోజుల్లో జాగ్రత్త. గ్యారేజీ నేల, పనిముట్లు ఇంకా చల్లగానే ఉంటాయి కాబట్టి వాటికి చెమట పడుతుంది. ఆ రోజు తలుపు బార్లా తీయకండి. నా పానా ఒకదాని మీద వేలిముద్ర గీతలతో సహా తుప్పు అచ్చుపడింది. చేతి చెమటలోనూ ఉప్పే కదా! అప్పటినుంచి పని అయ్యాక ప్రతి పనిముట్టునూ నూనె గుడ్డతో తుడిచి పెడుతున్నాను. టైల్స్ కడిగే యాసిడ్ సీసాలు అక్కడ ఉంచకండి. మూత బిగించినా వచ్చే ఆవిరి చాలు, చుట్టూ ఉన్న ఇనుమంతా ఎర్రబారడానికి.

నెలా రెండు నెలలు కారు తీయరనుకోండి. కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ లోపలే చిక్కుకుంటుంది, గాలాడే గుడ్డ కవరే కప్పాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేస్తే పట్టేసుకోవచ్చు. గేర్‌లో ఉంచి చక్రాలకు అడ్డు పెట్టండి. మధ్యలో ఎవరితోనైనా ఐదు నిమిషాలు స్టార్ట్ చేయించడం వల్ల మేలు లేదు. పొగగొట్టంలో చేరిన నీరు ఆరేంత వేడి పుట్టదు. తీస్తే అరగంట నడపాలి. తిరిగి వచ్చిన రోజు బ్రేకు డిస్కుల మీద ఎర్రటి పల్చని పొర కనిపిస్తే టెన్షన్ పడకండి, నెమ్మదిగా నడుపుతూ నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే అదే పోతుంది.