లీష్ లాగే కుక్కపిల్ల దారికొచ్చిందిలా

మా బబ్లూగాడు ఇండీ, అంటే మన నాటు కుక్క, 5 నెలలు. గేటు దాటితే చాలు, పద్మారావు నగర్ గల్లీలో నన్నే ఈడ్చుకెళ్లేవాడు. ఛాతీ బెల్టు, పొట్టి లీష్ (కుక్కను పట్టుకునే తాడు), గదమాయింపు, ముందే బంతాడించి అలసిపోయేలా చేయడం అన్నీ అయ్యాయి, లాభం లేదు.

పనిచేసింది ఇదీ. మొదటి 4 రోజులు రోడ్డెక్కనే లేదు. పొద్దున 6 గంటలకి, తిండి పెట్టకముందే, మేడ మీద. 6 అడుగుల లీష్, ఎడమ జేబులో ఉప్పేయకుండా ఉడికించిన చికెన్, చిటికెనవేలి గోరంత ముక్కలు. లీష్ బిగిసిందా, అక్కడే స్తంభంలా ఆగిపోవడం. లాగలేదు, పిలవలేదు. వాడు వెనక్కి చూసి లీష్ వదులైన ఆ క్షణంలోనే "శభాష్" అని, ముక్క నా ఎడమ మోకాలి పక్కన అందించాను. చెయ్యి ముందుకు చాపితే మళ్లీ ముందుకే ఉరుకుతాడు. రెండు రోజులు నేను చేసిన తప్పు అదే. తర్వాత గల్లీలోకి. మొదటిరోజు కిరాణా కొట్టు దాకా వెళ్లడానికే 20 నిమిషాలు! "కుక్కను నువ్వు తిప్పుతున్నావా, అది నిన్ను నిలబెట్టిందా?" అని ఎదురింటి ఆంటీ ఒకటే నవ్వు.

మూడోవారానికి లీష్ వదులుగా వేలాడింది. వీధికుక్కలు కనిపిస్తే మాత్రం ఇప్పటికీ గుంజుతాడు. మావాడు తిండిపోతు కాబట్టి కుదిరిందేమో, తిండి మీద యావ లేని కుక్కపిల్లల సంగతి నేను చెప్పలేను.