వాన పడితే కారు డోర్ లాక్ మొరాయిస్తోందా? లాక్ మార్చే ముందు నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో చూడండి

అక్టోబర్ వచ్చిందంటే తిరుపతిలో ఈ కంప్లయింట్ మొదలవుతుంది, డిసెంబర్ దాకా తగ్గదు. మనవైపు గట్టి వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతోనే కదా. రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే తాళం చెవి తిరగదు, లేదా రిమోట్ నొక్కితే మూడు డోర్లు టక్కున లాక్ అయి నాలుగోది కదలదు. తర్వాత ఎండ కాస్తుంది, దానంతట అదే బాగవుతుంది, ఓనర్ మర్చిపోతాడు. మళ్లీ వాన, మళ్లీ అదే గొడవ. విసిగిపోయి లాక్ మొత్తం మార్పిస్తారు. నీళ్లు వచ్చే దారి అలాగే ఉంది కాబట్టి కొత్తదానికీ అదే గతి.

డోర్‌కు లోపలివైపు ఉండే ప్యాడ్ విప్పడం, క్లిప్పులు విరగకుండా లాగడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. రాకపోతే మెకానిక్ పక్కనే నిలబడి ఇవన్నీ చూడమని అడగండి.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. డోర్ లోపలికి కాసిన్ని నీళ్లు రావడం రిపేరు కాదు. అద్దం కిందికి దిగే సందులోంచి ఎంత మంచి రబ్బరు ఉన్నా కొంచెం నీరు దిగుతూనే ఉంటుంది. ఆ సంగతి తెలిసే తయారుచేసేవాళ్లు డోర్ అడుగున రంధ్రాలు పెట్టారు. పైనుంచి వచ్చింది కిందనుంచి పోవాలి, అంతే. ఆ మధ్యలో నీరు లాక్ మీద పడకూడదు, అడుగున నిలవకూడదు.

డోర్ తీసి మూస్తుంటే లోపల నీళ్లు కదిలే చప్పుడు

అడుగు రంధ్రాలు మూసుకుపోయాయి. ఇంకేమీ వెతకక్కర్లేదు. డోర్ తెరిచి, కింది అంచు అడుగు భాగాన్ని వేలితో తడిమితే రెండో మూడో చిన్న రంధ్రాలో చీలికలో తగులుతాయి, కొన్ని బండ్లలో వాటికి చిన్న రబ్బరు మూతలు కూడా ఉంటాయి. చిత్తూరు వైపు గ్రానైట్ పొడిలో తిరిగే బండ్లయితే ఆ పొడి నీటితో కలిసి అడుగున గట్టిగా పేరుకుపోతుంది, పల్లె రోడ్ల మీద తిరిగే బండ్లయితే ఎర్రమట్టి. చీపురుపుల్లతోనో ప్లాస్టిక్ జిప్ టైతోనో పొడవండి. స్క్రూడ్రైవర్ వద్దు, పెయింట్ గీసుకుపోయి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. తర్వాత అద్దం సందులో ఒక చెంబు నీళ్లు మెల్లగా పొయ్యండి. వెంటనే కిందనుంచి ధారగా కారాలి. మొదట నల్లటి బురద వస్తుంది, తేట నీళ్లు వచ్చేదాకా పొయ్యండి.

యాంటీ రస్ట్ కోటింగ్ చేయించిన బండి అయితే ఈ రంధ్రాలు తప్పకుండా చూడండి. కోటింగ్ కొట్టేవాళ్లు చాలాసార్లు వాటిని కూడా కలిపి కప్పేస్తారు. తుప్పు రాకుండా చేయించిన పనితోనే డోర్ లోపలినుంచి తుప్పు పట్టిపోతుంది. ఇంకొందరు నీళ్లు కారుతున్నాయని ఆ రంధ్రాలకే ఎంసీల్ పెట్టించుకుంటారు. అలా చేయకండి, అక్కడ నీళ్లు కారడం మంచిదే.

రెండు నిమిషాల పని ఇది. అయినా ఎవరూ చూడరు. లాక్ విప్పి, మోటార్ మార్చి, వైరింగ్ అంతా లాగి, చివర్లో డోర్ ఊపితే లోపల నీళ్లు. ఇలాంటివి చూసీ చూసీ విసుగొచ్చింది. దయచేసి ముందు వంగి ఆ రంధ్రాలు చూడండి, తర్వాతే స్పానర్ పట్టుకోండి.

తాళం చెవి దూరడం లేదు, దూరినా తిరగడం లేదు

కీ హోల్ ముందు స్ప్రింగుతో మూసుకునే చిన్న రేకు మూత ఉంటుంది. అది విరిగినా, దుమ్ముతో తెరిచినట్టే ఇరుక్కుపోయినా వాన నీరు నేరుగా లోపలికి పోతుంది. వాటర్ వాష్ దగ్గర ప్రెషర్ గన్‌ను హ్యాండిల్ దగ్గరగా పెట్టి కొడితే మంచి మూత కూడా ఆగదు. లాక్‌కు అడుగు కంటే దగ్గరగా గన్ పెట్టొద్దని చెప్పడానికి మొహమాటపడకండి. బోరు నీళ్లతో కడిగితే నీరు ఆరిపోయినా ఉప్పు లోపలే ఉండిపోతుంది.

ముందు గాలి కొట్టించండి, తర్వాత డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి చెవిని నాలుగైదు సార్లు లోపలికి బయటికి ఆడించండి. అది తేమను తరిమేస్తుంది కానీ ఎక్కువ కాలం జారుడు ఇచ్చే నూనె కాదు. బాగా ఆరాక గ్రాఫైట్ పొడి కొంచెం ఊదండి. దొరక్కపోతే పెన్సిల్ ముల్లును చెవి గాట్ల మీద బాగా రుద్ది దూర్చినా పని జరుగుతుంది. గ్రాఫైట్ మీద మళ్లీ నూనె వేయొద్దు, రెండూ కలిసి జిగట ముద్ద అవుతాయి.

కొబ్బరినూనె మాత్రం వేయకండి. ఇంట్లో ఉంటుంది కదా అని చాలామంది వేస్తారు, తిరుపతి ఎండలో బాగానే తిరుగుతుంది కూడా. కానీ కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబర్ రాత్రి తిరుమల పార్కింగ్‌లోనో, హార్స్‌లీ హిల్స్ మీదో బండి పెట్టి పొద్దున్నే వచ్చి చూస్తే చెవి తిరగదు. కింద బాగున్న లాక్ కొండెక్కగానే పట్టేసిందంటే నేను మొదట అడిగేది లోపల ఏ నూనె వేశారనే.

రిమోట్ ఉందని ఏళ్ల తరబడి చెవి దూర్చనివాళ్లు నెలకోసారైనా చెవితో తెరవండి. రిమోట్ బ్యాటరీ అయిపోయేది కొండ మీదే అన్నట్టుంటుంది, అప్పుడు కీ హోల్ తుప్పుపట్టి ఉందని తెలుస్తుంది.

అడుగు రంధ్రాలు బాగున్నాయి, లోపల నీటి చప్పుడు లేదు, అయినా వాన పడ్డాక ఒకే ఒక్క డోర్ లాక్ పలకదు

నన్ను చాలా తిప్పలు పెట్టింది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

మొదట ఒక ప్రశ్న. ఆ డోర్‌కు ఎప్పుడైనా టింకరింగ్, పెయింటింగ్ జరిగిందా? హ్యాండిల్ మార్చారా? అవునంటే లాక్ జోలికి పోకండి, హ్యాండిల్ వెనక్కి వెళ్లండి.

బయట హ్యాండిల్‌కూ డోర్ రేకుకూ మధ్య పల్చటి రబ్బరు గ్యాస్కెట్లో, ఫోమ్ ముక్కలో ఉంటాయి, హ్యాండిల్‌కు ముందొకటి, కీ హోల్ వైపు ఒకటి. పెయింటింగ్‌కు హ్యాండిల్ విప్పుతారు. ఆ గ్యాస్కెట్ చిరిగిపోతుంది, లేదా పుట్టీ, పెయింట్ పీల్చుకుని అట్టలా గట్టిపడుతుంది, లేదా షెడ్డు నేల మీద పడి ఊడ్చేటప్పుడు చెత్తలో పోతుంది. హ్యాండిల్ తిరిగి బిగిస్తారు. బయటినుంచి చూస్తే లోపం ఏమీ కనపడదు, పెయింట్ కూడా అద్దంలా ఉంటుంది. డెలివరీ తీసుకునేటప్పుడు ఏ ఓనరూ హ్యాండిల్ వెనక రబ్బరు ఉందా అని అడగడు.

ఇప్పుడు వాన పడితే హ్యాండిల్ గుంటలో చేరిన నీరు ఆ సందులోంచి లోపలికి పోతుంది. మామూలుగా అయితే రేకు వెంట కిందికి జారి రంధ్రాల్లోంచి పోవాలి. కానీ చాలా బండ్లలో హ్యాండిల్ నుంచి లాక్ దాకా ఒక ఇనుప కడ్డీ ఏటవాలుగా దిగుతుంది. చూరుకు కట్టిన దండెం తాడు వెంట వాన నీరు పాకినట్టు, నీరు ఆ కడ్డీని పట్టుకుని కిందికి వచ్చి సరిగ్గా లాక్ మీద చుక్క చుక్కగా పడుతుంది. సెంట్రల్ లాకింగ్ మోటార్ ఉండేది కూడా అక్కడే. వచ్చే నీరు చెంచాడే కాబట్టి అడుగున నిలవదు, చప్పుడు రాదు, కాళ్ల కింద మ్యాట్ తడవదు. ఎవరికీ నీటి మీద అనుమానం రాదు, మోటార్ పోయిందంటారు. మోటార్ పోయిన మాట నిజమే, ఎందుకు పోయిందో మాత్రం ఎవరూ చూడరు.

చంద్రగిరి నుంచి ఒక టాక్సీ అన్న వచ్చాడు. "వాన పడితే సాలు, ఎడమపక్క ముందు డోరు రిమోట్‌కు పలకదన్నా, అలిపిరి చెకింగ్ కాడ యాత్రికులు దిగాలంటే నేను లోపలినుంచి చెయ్యి చాపి తెరవాల్సొస్తాంది" అన్నాడు. మోటార్ అప్పటికే ఒకసారి కొత్తది వేయించాడట, మళ్లీ మొదటికొచ్చింది. ప్యాడ్ విప్పితే మోటార్ కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అడుగు మాత్రం పొడిగా ఉంది. కడ్డీకి న్యూస్‌పేపర్ ముక్క చుట్టి, బయటినుంచి హ్యాండిల్ మీద మాత్రమే మగ్గుతో నీళ్లు పోయించాను. కాగితం పైనుంచి నల్లబడుతూ దిగింది. కాసేపటికి కడ్డీ చివర, లాక్‌కు తగిలించే ప్లాస్టిక్ క్లిప్పు దగ్గర ఒక చుక్క వేలాడి, ఉబ్బి, నేరుగా మోటార్ డబ్బా అతుకు మీద పడింది. అది చూశాక గానీ అతనికి గుర్తు రాలేదు, అంతకుముందు ఏడాది ఆ డోర్‌కు సొట్ట తీయించి పెయింట్ వేయించాడని.

ఈ టెస్ట్ మీరూ చేయొచ్చు, కానీ వరస తప్పకూడదు. కిందినుంచి పైకి రావాలి. ప్యాడ్ విప్పి, ప్లాస్టిక్ షీట్ సగం తప్పించి, అద్దం పూర్తిగా పైకెత్తి, ముందు హ్యాండిల్ మీద మాత్రమే పొయ్యండి, ఒకరు పోస్తుంటే ఒకరు లోపల సెల్‌ఫోన్ లైటు పట్టుకుని చూడాలి. ఐదు నిమిషాలు ఓపిక పట్టండి, నీరు వెంటనే రాదు. అక్కడ రాకపోతేనే అద్దం రబ్బరు మీద పొయ్యండి. ముందే పైన పోస్తే ఆ నీరే హ్యాండిల్ మీదికీ జారుతుంది, ఏ దారిలో వచ్చిందో తేలదు. ప్రెషర్ గన్‌తో టెస్ట్ చేయొద్దు, దానికి మంచి డోర్ కూడా కారుతుంది.

గ్యాస్కెట్ విడిగా దొరికితే అదే వేయండి, పెద్ద ఖర్చు కాదు. దొరక్కపోతే పాత సైకిల్ ట్యూబు కోసి హ్యాండిల్ అడుగు ఆకారంలో కత్తిరించుకోండి, పని చేస్తుంది. వేసే ముందు రేకు అంచున గడ్డకట్టిన పెయింట్, పుట్టీ గీకేయాలి, లేకపోతే కొత్త రబ్బరు సరిగ్గా కూర్చోదు. స్క్రూలు మరీ బిగిస్తే రబ్బరు మధ్యలో ఉబ్బి పక్కన సందు ఇస్తుంది, చూసి బిగించండి. సిలికాన్ పూయాలంటే వెనిగర్ వాసన వచ్చేది వాడకండి. అది ఆరేటప్పుడు వదిలే యాసిడ్ రేకును తినేస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి.

నేను ఇంకో పని కూడా చేస్తాను. కడ్డీకి మధ్యలో, లాక్‌కు జానెడు పైన, చిన్న రబ్బరు రింగు తొడుగుతాను. ఎప్పుడైనా నీరు పాకినా ఆ రింగు దగ్గరే చుక్కగా పడిపోతుంది, లాక్ దాకా రాదు. హ్యాండిల్ లాగినప్పుడు అది దేనికీ తగలకుండా చూసుకోవాలి. మోటార్ వైరు కూడా అంతే, పైనుంచి నేరుగా కనెక్టర్‌లోకి దిగకూడదు, కొంచెం కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చి కలవాలి. బయట షాపుల్లో సెంట్రల్ లాకింగ్ వేయించుకున్న బండ్లలో ఈ వంపు చాలావాటికి ఉండదు.

కనెక్టర్‌కు చిలుము మాత్రమే ఉంటే కాంటాక్ట్ క్లీనర్, పాత టూత్‌బ్రష్‌తో పోతుంది. మోటార్ డబ్బా లోపల తుప్పు నీళ్లు కనిపిస్తే మార్చాల్సిందే. పాత లాక్‌కు నీరు అడ్డుపెట్టే ప్లాస్టిక్ కవరు ఏదైనా ఉంటే దాన్ని కొత్తదానికి తొడగండి, పారేయనివ్వకండి.

అద్దం రబ్బరు

టింకరింగ్ జరగని బండి అయితే తర్వాత చూడాల్సింది ఇదే. మన మే నెల ఎండకు బయటివైపు బీడింగ్ గట్టిపడి, కుంచించుకుపోయి, లాక్ వైపు చివర అంగుళం ఖాళీ వదిలేస్తుంది. గోటితో నొక్కితే మెత్తగా ఉండాలి, అద్దాన్ని ఒరుసుకుని ఉండాలి. లేకపోతే మార్చండి. ఫెవిక్విక్‌తో అంటించడం దండగ.

మిగతావి

వెనక డోర్ లోపలినుంచి మాత్రమే తెరుచుకోవడం లేదంటే వానకూ దానికీ సంబంధం లేదు, చైల్డ్ లాక్ పడింది, డోర్ అంచున ఉన్న చిన్న మీటను తిప్పండి. లాక్‌తో పాటు ఆ డోర్ అద్దం, స్పీకర్ కూడా ఆగితే కబ్జాల దగ్గర రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉంటుంది. అన్ని డోర్లూ ఒకేసారి ఆగితే ఫ్యూజు. రేకు అతుకుల్లోంచి నీరు రావడం లాంటివి యాక్సిడెంట్ అయిన బండ్లలో తప్ప పెద్దగా కనపడవు, వాటికోసం ముందే వెతకొద్దు. తిరుపతిలో 2021 నవంబర్ వరదలో లాగా బండి సీట్ల దాకా మునిగితే అది వేరే కథ, అన్ని డోర్లూ విప్పి కడిగి ఆరబెట్టాల్సిందే.

మూసే ముందు

లాక్ నాలుకను కిరోసిన్‌తో కడిగితే కడగండి గానీ అలాగే వదలొద్దు, ఉన్న గ్రీజు కూడా పోయి పొడిబారుతుంది. ఆరాక తెల్ల లిథియం గ్రీజు పల్చగా పూయండి. ప్లాస్టిక్ షీట్‌ను చుట్టూ సందు లేకుండా అంటించాలి, కింది అంచు డోర్ రేకు లోపలికే దిగాలి, సీట్ల వైపు ఉంటే నీరు మ్యాట్ మీదికి వస్తుంది.

ఇక ప్యాడ్ పెట్టకముందే, డోర్ తెరిచి ఉండగానే, స్క్రూడ్రైవర్‌తో లాక్ నాలుకను నొక్కి మూసిన స్థితికి తెచ్చి బయట హ్యాండిల్, లోపలి హ్యాండిల్, చెవి, రిమోట్ నాలుగింటితోనూ విడిపించి చూడండి. నాలుగూ పలికాకే డోర్ మూయండి. కడ్డీ క్లిప్పు సరిగ్గా తగిలించకుండా మూశారంటే ఆ డోర్ అటునుంచీ తెరుచుకోదు, ఇటునుంచీ తెరుచుకోదు. అప్పుడు మూసి ఉన్న డోర్‌కే ప్యాడ్ విప్పాలి, క్లిప్పులు ఒక్కటీ మిగలవు.