క్లోమంలో ఏవీఎం: ధమనులు ముందు, సిరలు తర్వాత

మద్యం అలవాటు లేదు, పిత్తాశయంలో రాళ్లూ లేవు. అయినా ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) తిరగబెడుతోంది, లేదా మలం నల్లగా పోతున్నా ఎండోస్కోపీలో కారణం దొరకడం లేదు. ఇలాంటప్పుడు క్లోమంలో ఆర్టెరియోవీనస్ మాల్ఫార్మేషన్ (ఏవీఎం, ధమనులు సిరలతో అసహజంగా కలిసిపోవడం) ఉందేమో చూడాలి. 1968లో తొలిసారి నమోదైన ఈ అరుదైన జబ్బులో ధమని రక్తం కేశనాళికలను దాటేసి నేరుగా పోర్టల్ సిరలో (పేగుల రక్తాన్ని కాలేయానికి చేర్చే సిర) పడుతుంది. చాలావరకు పుట్టుకతోనే వస్తుంది. తరచూ ముక్కునుంచి రక్తం కారడం, పెదవులపై ఎర్రచుక్కలు ఉంటే ఓస్లర్-వెబర్-రాండ్యూ జబ్బును (వంశపారంపర్యంగా రక్తనాళాలు అసహజంగా ఏర్పడే జబ్బు) అనుమానించి ఊపిరితిత్తులు, మెదడు, కాలేయం కూడా పరీక్షించాలి.

ముందు డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) చేయించండి. క్లోమంలో రంగులు కలగలిసి కనిపిస్తాయి, పోర్టల్ సిరలో ప్రవాహం ధమనిలా కొట్టుకుంటుంది. తర్వాత సీటీ. చీటీలో "కాంట్రాస్ట్ సీటీ" అని మాత్రమే రాస్తే చాలదు, ధమని దశ (డై ఇంకా ధమనుల్లో ఉన్నప్పటి చిత్రాలు) కావాలని విడిగా రాయాలి. డై ఎక్కించిన 70వ సెకను ప్రాంతంలో పోర్టల్ సిర ఎవరికైనా వెలుగుతుంది. 20-25 సెకన్లకే బృహద్ధమనితోపాటు గట్టిగా వెలిగితే అదే అసలు ఆధారం. న్యూరోఎండోక్రైన్ కణితి (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ) కూడా ధమని దశలో మెరుస్తుంది కానీ పోర్టల్ సిరను అంత ముందుగా నింపదు. ఏవీఎం అనుమానం ఉన్నచోట బయాప్సీ సూది పెట్టవద్దు, రక్తం ఆగదు. ఆంజియోగ్రఫీలో క్లోమానికి రక్తం పంపే సీలియాక్, సుపీరియర్ మెసెంటెరిక్ ధమనులు రెండింటిలోనూ డై వేయాలి. ఒకటే చూస్తే సగం దారులు తెలియకుండా పోతాయి.

ఎంబొలైజేషన్ (నాళాన్ని లోపలినుంచి మూసేయడం) రక్తస్రావాన్ని ఆపుతుంది. అయితే దారులు చాలా ఉంటాయి కాబట్టి ఒకటి మూస్తే మరొకటి పెరుగుతుంది. సర్జరీకి ముందు ప్రవాహం తగ్గించడానికి అది బాగా పనికొస్తుంది. లక్షణాలున్న రోగికి పోర్టల్ హైపర్‌టెన్షన్ (పోర్టల్ సిరలో పీడనం పెరగడం) ముదరకముందే ఆపరేషన్ చేయాలి. వేరిసెస్ (ఉబ్బిన సిరలు), జలోదరం వచ్చాక ఏవీఎం తీసేసినా ఆ పీడనం పూర్తిగా దిగకపోవచ్చు.

క్లోమం తలభాగంలో ఉంటే విపుల్ ఆపరేషన్ (తలభాగాన్ని డుయోడినంతోపాటు తీసేయడం), తోకలో ఉంటే డిస్టల్ ప్యాంక్రియాటెక్టమీ (తోకభాగాన్ని తీసేయడం). ప్లీహం తీయబోతుంటే న్యూమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు కనీసం రెండు వారాల ముందే వేయాలి. పొట్ట తెరిచాక వేలు పెడితే క్లోమం కింద థ్రిల్ (వేగంగా పారే రక్తం అదురు) తగులుతుంది. తలభాగంలో ముందుగా గ్యాస్ట్రోడుయోడినల్ ధమనికి క్లాంప్ పెట్టి, కాలేయ ధమనిలో నాడి నిలిచి ఉందని చూసుకున్నాకే కట్టాలి. తర్వాత ఇన్ఫీరియర్ ప్యాంక్రియాటికోడుయోడినల్ ధమనిని కట్టాలి. సిరలు చిట్టచివర. వాగుకు దిగువన కట్ట వేస్తే ఎగువన ముంచెత్తినట్టు, సిరలు ముందు కడితే క్లోమం ఉబ్బి, పల్చటి నాళాలు చిట్లిపోతాయి. కోసిన అంచు దగ్గర డాప్లర్ ప్రోబ్ పెట్టి చూడండి. రంగుల కలగలుపు ఇంకా ఉంటే మరికొంత తీయాలి.

మూడో రోజున డ్రెయిన్ ద్రవంలో అమైలేజ్ (క్లోమం తయారుచేసే ఎంజైమ్) చూడాలి. రక్తంలోని గరిష్ఠ సాధారణ స్థాయికి మూడురెట్లు దాటితే లీక్ ఉన్నట్టే అనుకుని, జ్వరం, ఇన్‌ఫెక్షన్ వస్తాయేమో గమనించాలి. ప్రవాహం ఒక్కసారిగా తగ్గిన పోర్టల్ సిరలో గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి మొదటి వారంలోనే డాప్లర్ తీయాలి. డ్రెయిన్‌లో కొద్దిపాటి ఎర్రరక్తం కనబడి దానంతటదే ఆగిపోయినా ఊరుకోవద్దు. కట్టేసిన ధమని చివర సూడోఅన్యూరిజం (గోడ చిట్లి ఏర్పడిన రక్తపు తిత్తి) ఉండొచ్చు, వెంటనే సీటీ ఆంజియో తీయించాలి.