వేరుశనగ పొట్టు బొగ్గు ఫాస్ఫేట్‌ని పట్టకపోతే

డెయిరీ మురుగునీటిలో ఉత్త పొట్టు బొగ్గు వేస్తే ఫాస్ఫేట్ పెద్దగా తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. బొగ్గుదీ, ఫాస్ఫేట్‌దీ రెండూ రుణావేశమే. పైగా పొట్టులోని భాస్వరమే కరిగి బయటికొస్తుంది.

దీన్ని మెగ్నీషియంతో సరిచేశాను. కాల్చినప్పుడు బొగ్గుపై ఏర్పడే మెగ్నీషియం ఆక్సైడే ఫాస్ఫేట్‌ని పడుతుంది. లీటరు నీటికి 200 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ పలుకులు కలిపి, కిలో పొట్టుకు రెండు లీటర్లు పోసి రాత్రంతా నానబెట్టాలి. బాగా ఎండాక గాలి చొరబడకుండా 500–600 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చాలి. ఎరువుల కొట్లో దొరికే మెగ్నీషియం సల్ఫేట్ మాత్రం వద్దు, ఆ వేడికి అది సరిగా ఆక్సైడ్‌గా మారదు. క్లోరైడ్ కాలేటప్పుడు ఘాటైన ఆమ్లపు ఆవిరి వస్తుంది కాబట్టి ఆరుబయటే కాల్చండి, ఆవిరి కొట్టుకొచ్చే వైపు నిలబడకండి.

ఒకటి రెండు మిల్లీమీటర్ల బొగ్గు పలుకులే జల్లించి, కడిగి వాడాలి. పొడి మిగిలితే బొగ్గు నింపి మురుగునీరు పంపే గొట్టం పూడుకుపోతుంది. పాల కొవ్వు ముందే తీసేయకపోతే బొగ్గు రంధ్రాలు మూసుకుపోతాయి. ఫాస్ఫేట్ నిండిన బొగ్గును నేరుగా మడిలో వేసుకోవచ్చు.