ర్యాక్ నుంచి ఫ్లోర్ యూనిట్‌కి మారాక టోన్ తేడా కొడుతోందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

ర్యాక్‌లో బిగించే మోడలర్‌లో (ఆంప్, స్పీకర్, ఎఫెక్ట్‌లను డిజిటల్‌గా అనుకరించే పెట్టె) ఏళ్ల తరబడి కూర్చుని చేసుకున్న ప్యాచ్‌లను (సేవ్ చేసుకున్న సౌండ్లు, వీటినే ప్రీసెట్‌లనీ అంటారు) నేల మీద పెట్టి కాలితో నడిపే ఫ్లోర్ యూనిట్‌లోకి ఎక్కించి, గిటార్ మీద మొదటి కార్డ్ కొట్టగానే "ఇది నా సౌండ్ కాదే" అనిపిస్తే, చాలామంది ముందు తిట్టుకునేది కొత్త పెట్టెనే. ఫ్లోర్ యూనిట్ అంటే చిన్నది కాబట్టి టోన్ కూడా చిన్నదేనని తీర్మానించేసుకుంటారు. నేను ఫ్రాక్టల్ ఆడియో వాళ్ళ ర్యాక్ మోడలర్ యాక్స్-ఎఫ్ఎక్స్ 3 నుంచి వాళ్ళదే ఫ్లోర్ యూనిట్ ఎఫ్ఎం3కి మారాను. ఆ మార్పులో పడ్డ ఇబ్బందులు, తోటి గిటారిస్టులకు సర్దిపెట్టిన ఇబ్బందులు కలిపి చూస్తే అసలు కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. ప్రీసెట్ ఫైల్ వచ్చింది, దాని చుట్టూ ఉన్నవి రాలేదు. గ్లోబల్ సెట్టింగులు, మీరు లోడ్ చేసుకున్న ఐఆర్‌లు (స్పీకర్ క్యాబినెట్ స్వభావాన్ని పట్టుకున్న ఆడియో ఫైళ్ళు), పెడల్ కేటాయింపులు, కేబుల్ దారి, ఆఖరికి ఎర్తింగ్ కూడా ర్యాక్‌తో పాటే ఇంట్లో ఉండిపోతాయి.

కాబట్టి ఏ ప్యాచ్‌నీ ముట్టుకోకముందే ఫర్మ్‌వేర్ (యూనిట్ లోపలి సాఫ్ట్‌వేర్) చూడండి. ర్యాక్‌లో కొత్త ఫర్మ్‌వేర్ మీద సేవ్ చేసిన ప్రీసెట్‌ను పాత ఫర్మ్‌వేర్ ఉన్న ఫ్లోర్ యూనిట్‌లో తెరిస్తే కొన్ని విలువలు సరిగ్గా చదవబడవు. ముందు అప్‌డేట్, తర్వాతే బదిలీ. ప్యాచ్ వినకుండానే నాబ్‌లు తిప్పడం మొదలుపెడితే ఏది యూనిట్ తేడానో, ఏది మీరు మార్చిందో ఇక తేలదు.

ఇన్‌పుట్ మీటర్ కదులుతోంది, బయటికి మాత్రం చప్పుడు లేదు

ఇది నాకే జరిగింది, అదీ డిసెంబరులో ఒక చర్చిలో క్రిస్మస్ ఆరాధన సౌండ్‌చెక్‌లో. కొయిర్ పిల్లలు అప్పటికే వరుసలో నిలబడ్డారు. గిటార్ కొడుతుంటే ఇన్‌పుట్ లైటు పచ్చగా వెలుగుతోంది. మిక్సర్ దగ్గర అన్న చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. కేబుల్ మార్చాం, ఛానెల్ మార్చాం. ఇరవై నిమిషాలు పోయాయి.

కారణం వాల్యూమ్ బ్లాక్ (ప్యాచ్‌లో ఆంప్, క్యాబ్, వాల్యూమ్ ఇలా ఒక్కో పనికి ఒక్కో బ్లాక్ ఉంటుంది). ర్యాక్‌లో నా వాల్యూమ్ పెడల్ "ఎక్స్‌టర్నల్ 1" అనే కంట్రోలర్‌కి కట్టి ఉండేది. ఆ ఎక్స్‌టర్నల్ 1 అంటే ఏ పెడల్ అన్న సంగతి ప్రీసెట్‌లో ఉండదు, సెటప్‌లోని మిడి/రిమోట్ మెనూలో ఉంటుంది. కొత్త యూనిట్‌లో ఆ ఎక్స్‌టర్నల్‌కి ఏ పెడలూ కేటాయించలేదు, దాని ప్రారంభ విలువ సున్నా మీద ఉంది. అంటే నా వాల్యూమ్ పెడల్ మడమ మీద మూసి ఉన్నట్టే లెక్క. లేని పెడల్ సౌండ్‌ను ఆపేస్తోంది.

సర్దడం తేలిక. మిడి/రిమోట్‌లో ఎక్స్‌టర్నల్‌కి యూనిట్ వెనకున్న పెడల్ జాక్‌ను ఇవ్వండి. పెడల్ పెట్టని రోజుల కోసం ప్రారంభ విలువను నూరు శాతానికి మార్చండి. తర్వాత పెడల్‌ను కొత్త యూనిట్ మీద మళ్ళీ క్యాలిబ్రేట్ చేయాలి. ర్యాక్‌లో చేసిన క్యాలిబ్రేషన్ ఇక్కడికి రాదు. వా పెడల్ సగం దాకా తెరుచుకుని ఆగిపోతోందంటే కూడా ముందు అనుమానించాల్సింది దీన్నే. పెడల్‌కి మామూలు గిటార్ కేబుల్ పెట్టారేమో కూడా చూడండి. ప్లగ్ మీద రెండు నల్ల గీతలుండే టీఆర్‌ఎస్ కేబుల్ కావాలి.

సౌండ్ వస్తోంది, కానీ కందిరీగల తుట్టెలా గీపెడుతోంది

డిస్టార్షన్ ప్యాచ్‌లో ఇలా ఉంటే ఆంప్ సెట్టింగుల్లోకి వెళ్ళకండి. క్యాబ్ బ్లాక్ (స్పీకర్ క్యాబినెట్‌ను అనుకరించేది) తెరవండి. మీరు కొనుక్కున్న ఐఆర్ ఉండాల్సిన చోట స్లాట్ ఖాళీ అని కనబడుతుంది, లేదా మీకు సంబంధంలేని ఇంకేదో ఐఆర్ ఉంటుంది. ప్రీసెట్ గుర్తుపెట్టుకునేది ఐఆర్‌ను కాదు, అది ఏ బ్యాంకులో ఏ నెంబరు స్లాట్‌లో ఉందన్న చిరునామాను. ఇల్లు మారాక పాత చిరునామాకి ఉత్తరం రాస్తే ఎవరికి అందుతుంది?

ర్యాక్‌లోని యూజర్ క్యాబ్‌లన్నీ ముందు కంప్యూటర్‌లోకి సేవ్ చేసుకుని, అవే నెంబర్లలో ఫ్లోర్ యూనిట్‌లో పెట్టండి. బ్యాంకులు సరిపోకపోతే ప్రతి ప్యాచ్‌లో క్యాబ్ బ్లాక్‌ను చేత్తో మళ్ళీ చూపించాలి. నాకు నలభై ప్యాచ్‌లుంటే నిజంగా వాడేవి తొమ్మిదే అని ఆ పని చేస్తూనే తెలిసింది. ఆ తొమ్మిదే తెచ్చుకున్నాను.

దుప్పటి కప్పినట్టు మూగగా ఉంది

పైదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ర్యాక్‌లో పవర్ ఆంప్ పెట్టి నిజమైన స్పీకర్ క్యాబినెట్‌కి వాయించేవాళ్ళకే ఎక్కువగా వస్తుంది. అక్కడ గ్లోబల్ మెనూలో క్యాబ్ మోడలింగ్ ఆపేసి ఉంటారు, ఆ సంగతి మరిచిపోయి కూడా ఉంటారు. కొత్త యూనిట్‌లో అది ఆన్‌లో ఉంటుంది. మోడల్ చేసిన స్పీకర్, దాని మీద నిజం స్పీకర్, రెండూ కలిసి పై ఫ్రీక్వెన్సీలను మింగేస్తాయి.

క్యాబ్‌కి మాత్రమే వాయిస్తే గ్లోబల్‌గా ఆపేయండి. హాలు మిక్సర్‌కి కూడా సిగ్నల్ ఇస్తుంటే అలా ఆపకూడదు, ఆపితే జనానికి కందిరీగలే వినిపిస్తాయి. క్యాబ్ బ్లాక్‌కి ముందు నుంచే ఒక దారి చీల్చి అవుట్‌పుట్ 2కి పంపండి, క్యాబ్ దాటాక వచ్చేది అవుట్‌పుట్ 1కి. స్టేజీ మీద నిజం స్పీకర్, బయట ఐఆర్.

రెండు ఆంప్‌ల ప్యాచ్ ఒక ఆంప్‌తో వచ్చింది

ఇది సెట్టింగు లోపం కాదు, యూనిట్ హద్దు. 2018లో వచ్చిన యాక్స్-ఎఫ్ఎక్స్ 3లో గ్రిడ్ (బ్లాకులు పేర్చే గడుల పలక) 14 నిలువు వరుసలు, 6 అడ్డ వరుసలు, రెండు ఆంప్ బ్లాకులు. 2020 నాటి ఎఫ్ఎం3లో 12 నిలువు, 4 అడ్డం, ఆంప్ బ్లాక్ ఒకటే. ఎడిటర్ ర్యాక్ ప్రీసెట్‌ను తెరవగలదు గానీ, చోటులేని సామాను బయటే ఉండిపోతుంది.

ఇక్కడ మిమ్మల్ని మీరు నిజాయితీగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ రెండో ఆంప్ ఎందుకు పెట్టుకున్నారు? క్లీన్‌కి ఒకటి, డిస్టార్షన్‌కి ఒకటి అయితే రెండో బ్లాక్ అవసరమే లేదు. ఒక్కో ఆంప్ బ్లాక్‌లో ఎ, బి, సి, డి అని నాలుగు ఛానెళ్ళున్నాయి, ప్రీసెట్‌కి ఎనిమిది సీన్లున్నాయి (సీన్ అంటే ఒక్క తొక్కుతో మారే బ్లాకుల అమరిక). ఎ లో క్లీన్, బి లో క్రంచ్, సి లో లీడ్ పెట్టి సీన్లతో మార్చుకోండి. నా రెండు ఆంప్‌ల ప్యాచ్‌లన్నీ ఇలాగే ఒక ఆంప్‌లోకి వచ్చేశాయి, ముందుకంటే శుభ్రంగా ఉన్నాయి.

అలా కాకుండా రెండు ఆంప్‌లను ఒకేసారి ఎడమ, కుడి చెవులకు వాయించడమే మీ టోన్ అయితే ఏ చిట్కా దాన్ని తెచ్చిపెట్టలేదు. ఎఫ్ఎం3 అమ్మేసి రెండు ఆంప్ బ్లాకులున్న ఎఫ్ఎం9 తీసుకోండి. ఆ టోన్ కోసం తపన పడేవాళ్ళకి సర్దుకుపొమ్మని చెప్పడం నాకు ఇష్టం లేదు.

రిథమ్ నుంచి లీడ్‌కి తొక్కగానే క్షణం తెగుతోంది

పై సలహా పాటించినవాళ్ళకి వచ్చే తర్వాతి ఇబ్బంది ఇదే. ఆంప్ ఛానెల్ మారడమంటే లోపల ఆంప్ మొత్తం కొత్తగా నిలబడాలి, దానికి కొంచెం సమయం పడుతుంది. పాట మధ్యలో గిటార్ ఒక్కటే మోగుతున్న చోట అది వినబడవచ్చు.

రిథమ్, లీడ్ రెండింటికీ ఒకే ఛానెల్ వాడండి. ఆంప్ గెయిన్‌కి సీన్ కంట్రోలర్ (సీన్‌ని బట్టి విలువ మార్చేది) కట్టి లీడ్ సీన్‌లో దాన్ని పెంచండి, లేదా ముందు ఒక డ్రైవ్ బ్లాక్ పెట్టి లీడ్‌లో ఆన్ చేయండి. లీడ్ ముందుకు రావడానికి అవుట్‌పుట్ బ్లాక్‌లో సీన్‌వారీగా లెవెల్ ఇచ్చుకోవచ్చు. ఛానెల్ మార్చక తప్పని చోట డిలే, రివర్బ్‌లను ఆంప్ తర్వాతే ఉంచండి. వాటి తోక మోగుతూ ఉంటే ఆ ఖాళీ చెవికి తెలియదు.

సీపీయూ నిండింది, ప్యాచ్ పూర్తిగా నడవడం లేదు

బ్లాక్‌ను బైపాస్ చేస్తే భారం దిగిపోతుందని అనుకోకండి. వాడనిదాన్ని గ్రిడ్ నుంచి తీసేయండి. తర్వాత రివర్బ్ క్వాలిటీ ఒక మెట్టు తగ్గించండి, బ్యాండ్ మధ్యలో ఆ తేడా ఎవరికీ వినబడదు. క్యాబ్‌లో పొడవైన ఐఆర్ బదులు మామూలు పొడవుది పెట్టండి. పిచ్ బ్లాక్ బరువైనది, నిజంగా కావాలంటేనే ఉంచండి. కంప్యూటర్ యూఎస్‌బీతో కలిపి ఉన్నప్పుడు మీటర్ కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి ఆఖరి లెక్క కేబుల్ పీకేసి చూసుకోండి.

ఇంట్లో లేని హమ్ (ఆగని గూంగూం మోత) ఫంక్షన్ హాల్లో వస్తోంది

దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉండాలి, ఎందుకంటే ఇది టోన్‌తో పాటు ప్రాణానికి సంబంధించిన సంగతి కూడా.

ముందు హమ్ ఎక్కడ పుడుతోందో తేల్చండి. గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. హమ్ పోతే అది పికప్ పట్టుకుంటున్నది. నిలబడ్డచోటే మెల్లగా తిరిగి చూడండి, ఒక దిక్కున తగ్గుతుంది. ఎల్ఈడీ లైట్ల కంట్రోలర్, జంక్షన్ బాక్స్ మీ కాళ్ళ దగ్గరే ఉంటే ఇది సహజం. ర్యాక్ వెనకాల ఎక్కడో ఉండేది, ఫ్లోర్ యూనిట్ ఇప్పుడు ఆ వైర్ల గుట్ట మధ్యలో కూర్చుంది. దాన్ని రెండు మూడు అడుగులు జరపండి, కరెంటు వైరు, గిటార్ వైరు పక్కపక్కనే పరుగెత్తకుండా చూడండి.

వాల్యూమ్ సున్నా చేసినా, ఎటు తిరిగినా మారని లావాటి గూంగూం అయితే అది గ్రౌండ్ లూప్, అంటే వేర్వేరు ప్లగ్‌ల ఎర్తింగ్ కేబుళ్ళ ద్వారా చుట్టులా కలవడం. ర్యాక్‌లో పవర్ ఆంప్, మోడలర్, వైర్‌లెస్ అన్నీ ఒకే కండిషనర్ నుంచి కరెంటు తాగేవి. ఇప్పుడు ఫ్లోర్ యూనిట్ స్టేజీ ముందు ప్లగ్‌లో, ఆంప్ వెనక ప్లగ్‌లో, మిక్సర్ హాలు చివర. ఆంప్‌నీ యూనిట్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. మిక్సర్‌కి వెళ్ళే దారిలో గ్రౌండ్ లిఫ్ట్ ఉన్న, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న డబ్బా) పెట్టండి. నాలుగు కేబుళ్ళ పద్ధతిలో (నిజం ఆంప్‌నూ యూనిట్‌నూ నాలుగు కేబుళ్ళతో కలిపి వాడటం) ఆంప్‌కి వెళ్ళేవాళ్ళు అవుట్‌పుట్ 2 నుంచి హమ్ తగ్గించే హమ్‌బస్టర్ కేబుల్ వాడండి, యూనిట్ వైపు టీఆర్‌ఎస్, ఆంప్ వైపు మామూలు ప్లగ్.

ప్లగ్‌కున్న ఎర్త్ పిన్‌ను మాత్రం ఎప్పుడూ పీకకండి. రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టి హమ్ పోయిందని సంబరపడకండి. గిటార్ తీగల మీద చెయ్యి, మైక్‌కి పెదవి ఆనినప్పుడు చురుక్కుమన్న అనుభవం స్టేజీ ఎక్కేవాళ్ళలో చాలామందికి ఉంది. ఆ చురుకు ఎంత పెద్దదవుతుందో ముందే చెప్పేవాళ్ళు ఉండరు. నా బ్యాగ్‌లో చిన్న మల్టీమీటర్ ఉంటుంది. దాన్ని వాడటం రాకపోతే హాలు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి కొలిపించండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల చుట్టుపక్కల, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్యా అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొద్ది వోల్టులు మాత్రమే రావాలి. ఫేజ్-ఎర్త్ మధ్య తక్కువ చూపిస్తే ఆ బోర్డులో ఎర్తింగ్ పేరుకే ఉందన్నమాట. వేరే బోర్డు అడగండి. ఇవ్వకపోతే ప్లగ్ పెట్టకండి.

మానిటర్‌లో నిండుగా ఉంది, హాల్లో పలచగా ఉందంటున్నారు

హాలు మోనో. మీ ప్యాచ్ స్టీరియో. ఎడమ, కుడి మధ్య చిన్న డిలేతో వెడల్పు చేసిన సౌండ్ రెండూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. వెడల్పు చేసే బ్లాక్‌ను తీసేయండి, లేదా అవుట్‌పుట్ 1ని ఎడమను కుడికి కాపీ చేసే మోడ్‌లో పెట్టి ఒక్క కేబులే మిక్సర్‌కి ఇవ్వండి.

మిక్సర్‌లో పగులుతోందంటే లైన్ స్థాయి సిగ్నల్ మైక్ ఇన్‌పుట్‌లోకి వెళ్తోంది. ప్యాడ్ (సిగ్నల్ తగ్గించే స్విచ్) నొక్కమనండి, మైక్‌లకిచ్చే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు ఆ ఛానెల్‌లో ఆపమనండి. ర్యాక్‌లో అవుట్‌పుట్ ఈక్వలైజర్‌ను సర్దుకుని ఉంటే అదీ గ్లోబలే, ఆ గీతలు ఫోటో తీసుకుని ఇక్కడ మళ్ళీ పెట్టుకోవాలి.

స్విచ్‌లు చాలడం లేదు

ర్యాక్ ముందు పన్నెండు స్విచ్‌ల బోర్డు వాడినవాళ్ళకి ఎఫ్ఎం3 మూడు స్విచ్‌లు చేయి కట్టేసినట్టు ఉంటాయి. ఒక్కో స్విచ్‌కి తొక్కితే ఒకటి, నొక్కిపట్టుకుంటే ఇంకొకటి ఇవ్వండి. పాటలో వరుసగా వచ్చే సీన్లను పక్కపక్కన పెట్టండి. ఫ్రాక్టల్ వాళ్ళ పాత ఎఫ్‌సీ ఫుట్‌స్విచ్ బోర్డు మీ దగ్గర ఉంటే అమ్మకండి, అది ఎఫ్ఎం3కి కూడా కలుస్తుంది. లేఅవుట్‌లు మాత్రం మళ్ళీ చేసుకోవాలి.

కెంపర్ (ఇంకో కంపెనీ మోడలర్) వాళ్ళకి ఒక మాట

పవర్ ర్యాక్ నుంచి 2019లో వచ్చిన స్టేజ్‌కి మారి, క్యాబినెట్ కలిపితే మూగబోయిందా? రిగ్‌లు (కెంపర్‌లో ప్యాచ్‌ల పేరు) బ్యాకప్‌తో సులువుగానే వస్తాయి. పవర్ ర్యాక్ లోపల 600 వాట్ల పవర్ ఆంప్ ఉంది, స్టేజ్‌లో పవర్ ఆంప్ లేదు. మధ్యలో విడిగా ఒక పవర్ ఆంప్ పెట్టండి, లేదా ఆ క్యాబినెట్ ఇంట్లో వదిలేసి పవర్డ్ మానిటర్‌కి వెళ్ళండి.