రాజుల కీర్తనలు సొంతంగా చదవడం: 4వ పాఠం – 72వ కీర్తన

పోయిన పాఠంలో 2 సమూయేలు 7వ అధ్యాయం చదివాం. నీ సింహాసనం నిత్యం నిలుస్తుందని దావీదుకు దేవుడిచ్చిన మాట అక్కడ చూశాం. ఆ మాటను నమ్ముకున్న జనం తమ రాజు కోసం ఎలా ప్రార్థించారో ఈ పాఠంలో చూద్దాం. బైబిలు, నోటుబుక్కు, నీలం పెన్ను ఒకటి, ఎర్ర పెన్ను ఒకటి దగ్గర పెట్టుకోండి. వ్యాఖ్యాన పుస్తకం ఉంటే ఉండనివ్వండి గానీ ఇప్పుడే తెరవద్దు.

కీర్తనలో ఉన్నవి 20 వచనాలే. ముందు ఒకసారి పైకి వినబడేలా చదవండి.

ఇప్పుడొక అలవాటు మానుకోవాలి. 'రాజు' అనే మాట కనబడగానే పక్కన 'యేసు' అని రాసేసి ముందుకు పోవడం మనకు బాగా అలవాటు. డిసెంబరు వచ్చిందంటే ప్రసంగాల్లో ఇది మరీ ఎక్కువ. క్రైస్తవులుగా మనం చివరికి చేరేది అక్కడికే, అందులో సందేహం లేదు. కానీ మొదటి వచనంలోనే చేరిపోతే మిగతా 19 వచనాలకు పనేమీ ఉండదు. ఆ రాజు ఏం చేస్తాడని దేవుని జనం ఎదురుచూశారో తెలియకుండానే ఆయన వచ్చాడని పాడుకుంటూ ఉంటాం.

రాజు చేసే పనుల కింద నీలం గీత గీయండి. రాజుకు దక్కేవాటి కింద, అంటే కప్పం, కానుకలు, నమస్కారాలు, బంగారం, పేరు, వీటి కింద ఎర్ర గీత గీయండి. పది నిమిషాల పని. అయ్యాక పేజీని కాస్త దూరంగా పెట్టి చూడండి. 8 నుంచి 11 దాకా ఎరుపు, మళ్లీ 15, 17లో ఎరుపు. నీలం ఎక్కువగా 2, 4లో ఉంటుంది, ఆ తర్వాత 12 నుంచి 14 దాకా గుంపుగా కనబడుతుంది.

11కీ 12కీ మధ్య కాసేపు ఆగండి. ఈ పాఠమంతా ఆ అతుకు దగ్గరే ఉంది. 11లో రాజులందరూ అతనికి నమస్కరిస్తారు, జనాలన్నీ అతన్ని సేవిస్తాయి. ఎందుకు? అతని సైన్యం పెద్దదనా? 12 చదవండి: 'దరిద్రులు మొఱ్ఱపెట్టగా అతడు వారిని విడిపించును.' లోకం అతని ముందు వంగేది ఇందుకు. 14లో ఇంకో మాట ఉంది. ఆ బీదల ప్రాణం అతని కంటికి ప్రియంగా ఉంటుందట. దీన్ని మెత్తటి కీర్తన అనుకోవద్దు. 9లో శత్రువులు మన్ను నాకుతారు. అయితే 4లో రాజు నలగగొట్టేది ఎవరినో చూడండి. బీదల పిల్లలను బాధపెట్టేవాళ్లను.

6వ వచనాన్ని కాలవ నీళ్ల కింద బతికేవాళ్ల కంటే అనంతపురంలో చదివేవాళ్లు త్వరగా పట్టుకుంటారు. రాజు 'గడ్డికోసిన నేలమీద కురియు వానవలె' వస్తాడు. మనకు ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ. పడమటి కనుమలు అడ్డుకోగా మిగిలిన వాన అది. జూన్‌లో చెనిక్కాయలు వొలిచి, విత్తనం సిద్ధంగా పెట్టుకుని, పదును వాన కోసం చూస్తాం. విత్తాక ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే చెట్టు పైకి పచ్చగానే కనబడుతుంది, పీకితే కాయ ఉండదు. ఇక కోసేసిన నేల సంగతి చెప్పాలా? గడ్డి పోయింది, పశువులు మేసి పోయాయి, మిగిలినవి మోళ్లే. ఆ నేల దగ్గర తిరిగి ఇవ్వడానికి ఏమీ లేదు. కీర్తనకారుడు వాన పడమని అడిగింది దానిమీద. 16లో కొండ కొమ్ముల మీద కూడా పంట పండుతుందని చెప్పేది ఆ తర్వాతే.

ఇప్పుడు పరీక్ష. కీర్తన పైన దావీదు కొడుకు సొలొమోను పేరుంది కాబట్టి అతనితోనే మొదలుపెడదాం. నోటుబుక్కులో ఒక పేజీని మూడు నిలువు గడులు చేసి, పైన 'అయింది', 'కొంత అయింది', 'ఇంకా కాలేదు' అని రాయండి. తర్వాత 1 రాజులు తీయండి. 3వ అధ్యాయం చివర ఇద్దరు వేశ్యల తగాదా ఉంది. వెనక ఎవరూ లేని ఆడవాళ్లకు రాజు దగ్గర న్యాయం దొరికింది. నీలం గీతకు అదొక మంచి సాక్ష్యం. 4:25లో జనం తమ తమ ద్రాక్షచెట్ల కింద, అంజూరపు చెట్ల కింద నిర్భయంగా ఉన్నారు. 10వ అధ్యాయంలో షేబ రాణి బంగారం తెచ్చింది. ఏడాదికి 666 తలాంతుల (తలాంతు అంటే అప్పటి పెద్ద తూకం) బంగారం వచ్చేదని అక్కడే రాసి ఉంది. ఎరుపు దాదాపు అంతా నెరవేరింది. కానీ 5:13, 14 చూడండి: 30,000 మందిని వెట్టికి పట్టి, వంతుకు 10,000 మంది చొప్పున నెలనెలా లెబానోనుకు పంపాడు. అతను పోయాక 12:4లో జనం అతని కొడుకుతో అన్న మొదటి మాట, నీ తండ్రి మా కాడిని బరువు చేశాడని. ఆ కాడి దగ్గరే రాజ్యం రెండు ముక్కలైంది.

ఏ పాలననైనా ఈ రెండు పెన్నులతో కొలవచ్చు. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియా రాణిని ఈ దేశానికి చక్రవర్తినిగా ప్రకటించారు. 11వ వచనాన్ని వేదిక ఎక్కించినట్టే, రాజులూ నవాబులూ బారులు తీరి వచ్చారు. అప్పుడు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో ధాత కరువు. అనంతపురం ఇంకా బళ్లారిలోనే ఉంది, 1882లో గానీ వేరు జిల్లా కాలేదు. 1877 మొదట్లోనే కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను (అర కిలో కంటే తక్కువ) గింజలు, పైన కాస్త చిల్లర దాకా తగ్గించారు. ఎరుపు నిండుగా ఉంది, నీలం ఎక్కడుందో మీరే వెతకండి.

ఎలక్షన్ల టైములో అభ్యర్థి తలమీద చేయి పెట్టి ఈ కీర్తన చదవడం అక్కడక్కడా ఉంది. చదవచ్చు, పాలించేవాళ్ల కోసం చేసిన ప్రార్థనే కదా. కాకపోతే 8, 11 చదివి 4, 12 వదిలేస్తే అది పొగడ్త అవుతుంది.

ఇక యేసు దగ్గరికి రావచ్చు. రాబోయే అభిషిక్తుణ్ణి ఇందులో చూసింది క్రైస్తవులు ఒక్కరే కాదు. యూదుల అరామిక్ అనువాదమైన తర్గూము కూడా మొదటి వచనంలోనే 'రాజైన మెస్సీయ' అంటుంది. మనం ఆ మెస్సీయ యేసే అంటాం. అన్నాక చూపించాలి కదా. లూకా 4:16–21 తీసి నీలం గీతలు వెతకండి, బీదలకు సువార్త, చెరలో ఉన్నవారికి విడుదల. తర్వాత యోహాను 6:15. జనం బలవంతంగా రాజును చేయబోతే ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయాడు. ఎరుపు చేతిదాకా వస్తే వద్దన్నాడు. మత్తయి 2:11లో బంగారం వచ్చింది గానీ, అది ఏ సింహాసనం ముందుకు వచ్చిందో చూడండి. మత్తయి 12:42 కూడా చదివి, సొలొమోను కంటే గొప్పవాడన్న మాటను మీ గడుల పక్కనే రాసుకోండి.

మూడో గడిని ఖాళీగా వదలకండి. బాధపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, కపటం, బలాత్కారం ఇంకా ఉన్నాయి. 'అవన్నీ ఆత్మీయంగా నెరవేరాయి' అని సర్దేసుకోవడం నాకు నచ్చదు. కోర్టు చుట్టూ ఏళ్లపాటు తిరిగే బీదవాడికి ఆ మాట చెప్పి చూడండి. 'నీ రాజ్యము వచ్చుగాక' అని ప్రతి ఆదివారం అడుగుతున్నామంటే ఆ గడి ఇంకా నిండలేదని ఒప్పుకుంటున్నట్టే. నిండినంత వరకు 'కొంత అయింది' కింద రాయండి, మిగతాది నిజాయితీగా మూడో గడిలో పెట్టండి.

ఇంటి పని: జెకర్యా 9:9, 10. అవే రెండు పెన్నులు. 10వ వచనం చివరి భాగాన్ని 72:8 పక్కన పెట్టి చదవండి, రెండూ దాదాపు ఒకటే. అయితే జెకర్యాలో ఆ మాటకు ముందు కొన్ని వస్తువులు దేశంలో లేకుండా పోతాయి. అవేవో రాసుకుని, రాజు ఎక్కి వచ్చే జంతువుకూ వాటికీ సంబంధం ఏమిటో నాలుగు వాక్యాల్లో రాయండి. 5వ పాఠం మొదలయ్యే దాకా మత్తయి 21 తెరవద్దు.