బకెట్ 403 అంటోందా? కీలు మార్చే ముందు సర్వర్ గడియారం చూడండి

"అన్నా, కీలు మూడోసారి మార్చాం. అయినా ఎక్కట్లేదు."

మారతహళ్లి పీజీ నుంచి మా టీమ్ కుర్రాడు చేసే ఫోన్ ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. లాగ్‌లో ఏముంది నాయనా అంటే, "చూడలేదన్నా, స్క్రీన్ మీద కంటెంట్ సేవ్ కాలేదు అని వచ్చింది" అంటాడు. స్క్రీన్ మీద వచ్చే ఆ ముక్కను పట్టుకుని ఏం చేస్తాం? నెట్ పోయినా, బకెట్ (ఫైళ్లు దాచే ఆన్‌లైన్ డబ్బా) పేరు తప్పినా, కీ (దానికి పాస్‌వర్డ్ లాంటిది) తప్పినా డాక్యుమెంట్ సిస్టమ్ అదే పాట పాడుతుంది.

డాక్యుమెంట్ సిస్టమ్‌ని బకెట్‌కి కలిపే కనెక్టర్ ఇన్‌స్టాల్ చేయడం, బకెట్ పేరూ కీలూ ఇవ్వడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఆ తర్వాత మొరాయిస్తే ముందు లాగ్ తెరవండి. బకెట్లు అద్దెకిచ్చే అమెజాన్ ఎస్3 అయినా, అలాంటిదే మన ఆఫీసులో మనమే నడుపుకునే మినియో అయినా, కుదరదు అన్నప్పుడు ఒక చిన్న ఎక్స్‌ఎంఎల్ ముక్క వెనక్కి పంపుతుంది. అందులో 'కోడ్' ట్యాగ్ మధ్య ఉన్న ఒక్క పదం చాలు. దాని కింద బారులు తీరిన జావా లైన్లన్నీ చదువుతూ కూర్చోవద్దు.

అసలు బకెట్ దాకా చేరట్లేదు

'అన్‌నోన్ హోస్ట్' అని వచ్చి, సర్వర్ పేరుకు ముందు బకెట్ పేరు చుక్కతో అతుక్కుని కనిపిస్తే అది పాత్-స్టైల్ సెట్టింగ్ గొడవ. అమెజాన్‌లో బకెట్ పేరు హోస్ట్ పేరులో భాగంగా వస్తుంది. మన మినియోకి డీఎన్‌ఎస్‌లో (సర్వర్ పేర్ల అడ్రస్ పుస్తకం) అలాంటి పేరు ఎవరూ పెట్టి ఉండరు, కాబట్టి బకెట్ పేరు స్లాష్ తర్వాత రావాలి. కనెక్టర్‌లో పాత్-స్టైల్ ఆన్ చేయండి, అంతే.

మినియోతోనే ఇంకో తప్పు: బ్రౌజర్‌లో తెరిచిన కన్సోల్ అడ్రస్‌ను కాపీ చేసి ఎండ్‌పాయింట్‌లో (కనెక్టర్ వెళ్లాల్సిన సర్వర్ అడ్రస్) అతికించడం. కన్సోల్‌కి చాలామంది 9001 పెట్టుకుంటారు. కనెక్టర్ మాట్లాడాల్సింది 9000 పోర్టుతో.

'ఆథరైజేషన్ హెడర్ మాల్‌ఫార్మ్‌డ్' అని వస్తే రీజియన్, అంటే బకెట్ ఉన్న అమెజాన్ ప్రాంతం, తప్పు. ఏ రీజియన్ కావాలో ఆ మెసేజ్‌లోనే రాసి ఉంటుంది, చివరిదాకా చదివితే. ముంబై ఏపీ-సౌత్-1, హైదరాబాద్ ఏపీ-సౌత్-2. హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో వచ్చింది. అంతకుముందు ఇండియా అంటే కళ్లు మూసుకుని 1 వేసేవాళ్లం, ఆ అలవాటు ఇంకా పోలేదు.

కొన్ని పనులవుతాయి, కొన్నింటికి 403

403 అంటే 'అనుమతి లేదు'. ఇక్కడ తప్పు పాలసీది, అంటే ఎవరు ఏం చేయవచ్చో రాసిన అనుమతుల చిట్టాది. బకెట్ మీద చేసే పనులు వేరు, లోపలి ఫైళ్ల మీద చేసేవి వేరు. ఫైళ్ల పనులకు రిసోర్స్ లైన్ చివర స్లాష్, స్టార్ ఉండాలి. లిస్ట్ చేయడానికి అవి లేని లైన్ కూడా కావాలి. రెండూ రాయండి.

లిస్ట్ అనుమతి ఎందుకు, మా కనెక్టర్ లిస్ట్ చేయదుగా అని వాదించేవాళ్లుంటారు. చాలా కనెక్టర్లు ఫైలు ఎక్కించే ముందు అదే పేరుతో అక్కడ ఏమైనా ఉందా అని అడుగుతాయి. లేకపోతే 404, అంటే 'అలాంటిది లేదు' అని రావాలి. లిస్ట్ అనుమతి లేనివాడికి ఎస్3 'లేదు' అని కూడా చెప్పదు, 403 ఇస్తుంది. కనెక్టర్ హడలిపోయి అక్కడే ఆగిపోతుంది.

అన్నీ సరిగానే ఉన్నాయి, అయినా అన్నింటికీ 403

నేను ఈ వ్యాసం రాస్తున్నదే దీని కోసం. ఒక శనివారం మొత్తం నాకు దీని కిందే పోయింది.

హోసూరు రోడ్డు మీద ఒక ఫ్యాక్టరీ. బిల్లులు, గేటు పాసులు, డ్రాయింగులు అన్నీ డాక్యుమెంట్ సిస్టమ్‌లోనే ఉంటాయి. స్టోరేజీ మినియో, అదీ అదే సర్వర్ మీద. ఏడాదిగా ఒక్క ఫిర్యాదు లేదు. డిస్క్ నిండుతోందని ముంబై ఎస్3కి మార్చాలనుకున్నారు. ఎండ్‌పాయింట్ మార్చాం, కీలు మార్చాం, టెస్ట్ బటన్ నొక్కాం: 403.

లాగ్ చూశాను. పైన అంత ఉపన్యాసం ఇచ్చానుగా, నేనూ చూశాను. అందులో ఉన్నదీ '403 ఫర్బిడెన్' ఒక్కటే, కోడ్ లేదు. ఎందుకంటే ఆ టెస్ట్ బటన్ పంపేది హెడ్ రిక్వెస్ట్, పై వివరాలు (హెడర్లు) మాత్రమే అడిగేది. హెడ్‌కి వచ్చే జవాబులో బాడీ ఉండదు, కాబట్టి ఆ ఎక్స్‌ఎంఎల్ ముక్కకు చోటే లేదు. ఈ సంగతి తట్టక కీలు రెండుసార్లు కొత్తవి చేశాను. పాలసీని బార్లా తెరిచేశాను. అవే కీలు నా ల్యాప్‌టాప్ నుంచి పనిచేస్తున్నాయి, సర్వర్ నుంచి పనిచేయవు. అప్పుడైనా అనుమానం రావాలి. నేను ఫైర్‌వాల్‌ని అనుమానించాను.

సాయంత్రం టీ దగ్గర అకౌంట్స్‌లో పనిచేసే చిత్తూరు అక్క ఒకావిడ నవ్వుతూ అంది: "మీ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఇంతే తమ్ముడూ. పొద్దున పదకొండుకి ఎక్కించిన బిల్లు సాయంత్రం నాలుగున్నరకి ఎక్కినట్టు చూపిస్తుంది. అలవాటైపోయింది."

పదకొండు, నాలుగున్నర. మధ్యలో ఐదున్నర గంటలు. టీ అక్కడే పెట్టేసి సర్వర్ దగ్గరికి పరిగెత్తాను.

జరిగింది ఇది. సర్వర్ టైమ్‌జోన్ యూటీసీలో (ప్రపంచమంతా లెక్కకు వాడే సమయం, మనకన్నా ఐదున్నర గంటలు వెనక) ఉంది. ఎప్పుడో ఎవరో మహానుభావుడు పొద్దున పదిన్నరకి చూస్తే 'ఐదు' అని కనిపించింది. టైమ్‌జోన్ మార్చాల్సింది పోయి, గడియారాన్నే పదిన్నరకి తిప్పేశాడు. ఆ రోజు నుంచి సర్వర్‌లో డేట్ కమాండ్ కొడితే గోడ గడియారంతో నిమిషం తేడా లేకుండా సరిపోతుంది. చివర యూటీసీ అనే మూడు అక్షరాలుంటాయి, వాటిని ఎవరు చూస్తారు? సర్వర్ లెక్కలో మాత్రం అది యూటీసీ పదిన్నర. అంటే అసలు సమయం కన్నా ఐదున్నర గంటలు ముందుంది. బ్రౌజర్ దాన్ని మన సమయంలోకి మారుస్తూ ఇంకో ఐదున్నర కలిపేది, అందుకే అక్కకి పొద్దుటి బిల్లు సాయంత్రానికి వెళ్లింది.

కనెక్టర్ పంపే ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక సంతకం ఉంటుంది, ఆ సంతకంలో యూటీసీ సమయం కలిసి ఉంటుంది. అవతలి గడియారంతో 15 నిమిషాలకు మించి తేడా వస్తే కీ ఎంత సరైనదైనా తిప్పి పంపేస్తారు. మినియోలోనూ అదే 15 నిమిషాలు. మరి ఏడాదిపాటు మినియో ఎలా పనిచేసింది? అదీ అదే సర్వర్ మీద, అదే తప్పు గడియారం చూసుకుంటోంది కదా. తప్పూ తప్పూ సరిపోయాయి. అందుకే "టెస్ట్‌లో పనిచేసిందన్నా, ప్రొడక్షన్‌లోనే రావట్లేదు" అంటే నేనిప్పుడు మొదట అడిగేది టైమ్.

పట్టుకోవడం ఎలా: సర్వర్‌లో డేట్ కమాండ్‌కి మైనస్ యు జతచేసి కొట్టండి. మీ ఫోన్‌లో టైమ్ చూసి ఐదున్నర గంటలు తీసేయండి. రెండూ ఒకటి కావాలి. ఇంకా గట్టి రుజువు కావాలంటే ఎస్3 ఎండ్‌పాయింట్‌ని కర్ల్ కమాండ్‌తో హెడర్లు మాత్రం అడగండి, జవాబులోని 'డేట్' లైనులో జీఎంటీ (ఇక్కడ యూటీసీ అనే అనుకోండి) సమయం ఉంటుంది. కీలు లేకపోయినా ఆ లైను వస్తుంది. కోడ్ కళ్లారా చూడాలంటే టెస్ట్ బటన్ వదిలేసి ఏదైనా ఒక ఫైలు చదవడానికి ప్రయత్నించండి. అప్పుడు 'రిక్వెస్ట్ టైమ్ టూ స్క్యూడ్' (సమయంలో తేడా మరీ ఎక్కువ) అని లాగ్‌లో దొరుకుతుంది.

సరిచేయడంలోనూ తొందరపడితే బోల్తా పడతారు. ఐదున్నర గంటలు వెనక్కి తిప్పుతున్నాం కాబట్టి ముందు డాక్యుమెంట్ సిస్టమ్ ఆపండి. లేకపోతే మధ్యాహ్నం నడిచిన షెడ్యూల్ జాబ్‌లు మళ్లీ నడవవచ్చు. తర్వాత టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా పెట్టండి. యూటీసీలోనే ఉంచుకున్నా నష్టం లేదు, గడియారం నిజం చెబితే చాలు. ఆపైన క్రోనీ (నెట్‌వర్క్ నుంచి సరైన సమయం తెచ్చే ప్రోగ్రామ్) ఆన్ చేయండి. క్రోనీ మామూలుగా మొదలైన కొత్తలో మాత్రమే గడియారాన్ని ఒక్కసారిగా జరుపుతుంది, తర్వాత చీమ నడకలా సర్దుతుంది. ఇంత తేడా అలా తీరేది కాదు, మేక్‌స్టెప్ అని చెప్పి జరిపించాలి. యూడీపీ 123 పోర్టు మూసి ఉంటే క్రోనీ ఉన్నా లేనట్టే, నెట్‌వర్క్ వాళ్లను పట్టుకుని తెరిపించండి. అమెజాన్ అద్దె సర్వర్లయిన ఈసీ2లో అయితే 169.254.169.123 అనే టైమ్ సర్వర్ చేతికందేలా ఉంటుంది. అందుకే ఈ రోగం ఎక్కువగా ఆఫీసు మూల గదిలో ఏసీ కింద కూర్చున్న సర్వర్లకే వస్తుంది.

సర్వర్ వర్చువల్ మెషీన్ అయితే ఇంకో పేచీ. అది బూట్ అయ్యేటప్పుడు సమయాన్ని కింద ఉన్న అసలు మెషీన్ (దీన్నీ హోస్ట్ అంటారు) నుంచి తీసుకుంటుంది. హోస్ట్ గడియారమే తప్పుగా ఉంటే మీరు ఇవాళ సరిచేసింది వచ్చే రీస్టార్ట్‌కి పోతుంది. ముందు హోస్ట్‌ని సరిచేయండి.

సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే డాకర్ వాళ్లకు ఒక మాట. కంటైనర్‌లో టైమ్‌జోన్ వేరియబుల్ మారిస్తే చూపించే అంకె మారుతుంది, గడియారం మారదు. కంటైనర్ వాడేది హోస్ట్ గడియారమే. మా కుర్రాడు ఒకసారి ఇదే చేసి, "ఇప్పుడు టైమ్ కరెక్ట్‌గానే చూపిస్తోందన్నా" అని స్క్రీన్‌షాట్ పంపాడు.

కొన్ని లైబ్రరీలు తేడాను గమనించి తమంతట తామే సర్దుకుంటాయి. దానితో ఇంకా అయోమయం: డాక్యుమెంట్ ఎక్కుతుంది, ప్రివ్యూ లింక్ మాత్రం 'రిక్వెస్ట్ ఈజ్ నాట్ యెట్ వాలిడ్' అంటుంది. ఇంకా రాని సమయం వేసి సంతకం చేసిన లింక్ కదా మరి. కారణం మళ్లీ అదే గడియారం.

చిన్న ఫైళ్లు ఎక్కుతాయి, స్కాన్ చేసిన పెద్ద పీడీఎఫ్‌లు ఎక్కవు

413 (పంపింది మరీ పెద్దది) వస్తే చాలాసార్లు మధ్యలో ఎంజిన్‌ఎక్స్ ఉందన్నమాట, రిక్వెస్ట్‌లను అందుకుని వెనక సర్వర్‌కి అందించే ప్రాక్సీ. అది డీఫాల్ట్‌గా 1 ఎంబీకి మించిన బాడీని రానివ్వదు. క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ పెంచండి. ఒక్క ఫైలే 5 జీబీ దాటితే ఎస్3 ఒకే దెబ్బకు తీసుకోదు, కనెక్టర్‌లో మల్టీపార్ట్ (ముక్కలుగా పంపడం) ఆన్ చేయాలి. అంత పెద్ద డాక్యుమెంట్ ఎవరి దగ్గరుందో నాకైతే తెలియదు.

ఆ ఎంజిన్‌ఎక్స్ వెనకే మినియో ఉండి 'సిగ్నేచర్ డజ్ నాట్ మ్యాచ్' వస్తుంటే, ప్రాక్సీ హోస్ట్ హెడర్‌ని మార్చేస్తోందేమో చూడండి. సంతకం హోస్ట్ పేరు, పోర్టుతో కలిపి జరుగుతుంది. డాలర్ హోస్ట్ అని రాస్తే పోర్టు రాలిపోతుంది. దాని బదులు డాలర్ హెచ్‌టీటీపీ అండర్‌స్కోర్ హోస్ట్ వేయండి. ప్రాక్సీ లేకుండానే అదే ఎర్రర్ వస్తే సీక్రెట్ కీ చివర ఒక స్పేస్ అంటుకుని ఉందేమో చూడండి. ఎక్సెల్ షీట్లోంచి కాపీ చేసే అలవాటున్నవాళ్లకు ఇది తప్పదు.

ఎప్పుడో ఒకసారి వచ్చేవి

పాత ఫైళ్లు మాత్రమే తెరుచుకోక 'ఇన్‌వాలిడ్ ఆబ్జెక్ట్ స్టేట్' వస్తే, లైఫ్‌సైకిల్ రూల్ వాటిని గ్లేసియర్‌లోకి (పాత ఫైళ్ల చవక గోదాము) తోసేసింది, రీస్టోర్ అడగాలి. సర్టిఫికెట్ ఎర్రర్ అయితే మీ సొంత సర్టిఫికెట్‌ని జావా ట్రస్ట్‌స్టోర్‌లో (జావా నమ్మే సర్టిఫికెట్ల పెట్టె) వేయండి. కేఎంఎస్ (అమెజాన్ తాళాల సేవ) ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్న బకెట్ అయితే ఆ కేఎంఎస్ కీ మీద కూడా అనుమతి కావాలి.

ఇవన్నీ చూశాకా కదలకపోతే నాకు మూడే పంపండి: లాగ్‌లోని కోడ్, డేట్ మైనస్ యు ఇచ్చిన లైను, ఎండ్‌పాయింట్ లైను. కాన్ఫిగ్ ఫైలు మొత్తం ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అందులో సీక్రెట్ కీ ఉంటుంది. ఇప్పటికే పెట్టేసి ఉంటే, సరే, ఇప్పుడు కీ మార్చండి.